కెమికల్ పీల్: మొటిమల మచ్చలు పోతాయి సరే.. మరి గుంటలు? డబ్బు కట్టే ముందు ఇది తెలుసుకోండి

మొటిమలు తగ్గిపోయి ఏడాదో, రెండేళ్లో అవుతుంది. కానీ అవి వదిలి వెళ్లిన గుర్తులు మాత్రం బుగ్గల మీద అలాగే ఉండిపోతాయి. సెల్ఫీకి ఫిల్టర్ పెట్టుకోవచ్చు. పెళ్లిచూపులకు పెట్టుకోలేం కదా! అందుకే ఇంట్లో సంబంధాల మాట మొదలవగానే, లేదంటే క్యాంపస్ ఇంటర్వ్యూలు దగ్గర పడగానే చాలామందికి స్కిన్ క్లినిక్ గుర్తుకొస్తుంది. రాజమహేంద్రవరం, కాకినాడ, భీమవరం, అమలాపురం, ఏలూరు.. గోదావరి జిల్లాల్లో ఏ పట్టణానికి వెళ్లినా ఇప్పుడు కెమికల్ పీల్ అనే మాట కొత్త కాదు.

అయితే చేయించుకున్నవాళ్లను కదిలిస్తే మాత్రం ఒక తికమక ఎదురవుతుంది. ముఖం క్లియర్ అయిపోయిందని ఒకరు సంబరపడతారు. అన్ని సిట్టింగులు పూర్తయినా తేడా ఏమీ లేదని ఇంకొకరు ఉసూరుమంటారు. ఉన్నదానికన్నా నల్లబడిందని మూడోవాళ్లు బాధపడతారు. చికిత్స పేరు ఒకటే.. ఫలితాలు మూడు రకాలు. ఎందుకిలా? పీల్ మంచిదా, చెడ్డదా అన్నది ఇక్కడ అసలు ప్రశ్న కాదు. మీ ముఖం మీద ఉన్నది మచ్చా, గుంటా అన్నదే అసలు ప్రశ్న. ఆ తేడా తెలియక డబ్బు పోగొట్టుకునేవాళ్లే ఎక్కువ. ఆ వివరాలేంటో ఇప్పుడు చూద్దాం.

మచ్చ వేరు.. గుంట వేరు

మొటిమల గుర్తులన్నిటినీ మనం ఒకే మాటతో మచ్చలు అనేస్తాం. కానీ డాక్టర్ల లెక్కలో అవి రెండు వేర్వేరు సమస్యలు.

మొదటిది రంగు మచ్చ. మొటిమ వాచి, మానిన చోట చర్మం గోధుమ రంగులోనో, నల్లగానో, ఎర్రగానో మిగిలిపోతుంది. వేలితో తడిమితే నున్నగానే ఉంటుంది. లోతు ఉండదు. వాపు వల్ల చర్మంలోని రంగు కణాలు మెలనిన్‌ను ఎక్కువగా తయారు చేయడంతో ఈ నలుపు వస్తుంది. ఇది నిజానికి తాత్కాలికం. కొత్త మొటిమలు రాకుండా, ఎండ తగలకుండా చూసుకుంటే నెలల్లో దానంతట అదే పలచబడుతుంది. కొందరికి ఏడాది దాటినా పట్టొచ్చు.

రెండోది గుంట. మొటిమ లోతుగా వాచినప్పుడు చర్మం కింది పొరలో ఉండే కొలాజెన్ దెబ్బతింటుంది. కొలాజెన్ అంటే చర్మాన్ని లోపలి నుంచి పట్టి నిలబెట్టే పీచు లాంటి ప్రొటీన్. కింద ఆధారం పోయింది కాబట్టి పైన చర్మం కుంగిపోతుంది. రోడ్డు కింద మట్టి జారితే పైన తారు కుంగినట్టు అన్నమాట. పైపైన ఎంత రుద్దినా ఆ కుంగు లేవదు కదా? గుంట విషయంలోనూ అంతే. ఇది దానంతట అది పూడదు.

గుంటల్లో మళ్లీ మూడు రకాలు. సూదితో పొడిచినట్టు పైన సన్నగా, లోపలికి లోతుగా ఉండేవి ఐస్‌పిక్ గుంటలు. గుండ్రంగా, అంచులు నిటారుగా కోసినట్టు ఉండేవి బాక్స్‌కార్ గుంటలు. ఇవి చూడటానికి కాస్త పాతకాలపు స్ఫోటకం మచ్చల్లా ఉంటాయి. ఇక అంచులు స్పష్టంగా తెలియకుండా, బుగ్గ మీద అలల్లా ఎత్తుపల్లాలుగా కనిపించేవి రోలింగ్ గుంటలు. వీటి అడుగున పీచు పోగులు చర్మాన్ని కిందికి లాగి పట్టుకుని ఉంటాయి. చాలామందికి ఈ మూడూ కలిసే ఉంటాయి. వీటి మీద మళ్లీ రంగు మచ్చలు కూడా.

ఇవి కాక దవడ, ఛాతీ, భుజాల మీద గుంటకు బదులు ఉబ్బెత్తుగా లేచే మచ్చలు కూడా కొందరికి వస్తాయి. వాటి సంగతి పూర్తిగా వేరు. వాటికి పీల్ పనికిరాదు.

ఇంట్లోనే ఇలా చూసుకోండి

మీది ఏ రకమో ఓ అంచనాకు రావాలంటే పెద్ద పరికరాలేం అక్కర్లేదు. ముఖానికి నేరుగా వెలుతురు పడేలా కాకుండా, ట్యూబ్‌లైటుకో కిటికీకో పక్కగా నిలబడి అద్దంలో చూసుకోండి. వెలుతురు పక్క నుంచి పడినప్పుడు గుంట ఉంటే దాని నీడ కనిపిస్తుంది. రంగు మచ్చకు నీడ ఉండదు.

తర్వాత రెండు వేళ్లతో ఆ చోట చర్మాన్ని మెల్లగా అటూ ఇటూ సాగదీయండి. సాగదీయగానే గుంట దాదాపు చదునైపోతే అది పైపైనున్నదో, రోలింగ్ రకమో అయ్యుండొచ్చు. ఎంత సాగదీసినా చుక్కలా అలాగే ఉండిపోతే అది లోతైన ఐస్‌పిక్ గుంట కావొచ్చు. ఇది అంచనా మాత్రమే. తేల్చాల్సింది చర్మ వైద్యులే. కానీ ఈ మాత్రం తెలిసి వెళ్తే క్లినిక్‌లో ఏం అడగాలో మీకే తెలుస్తుంది.

అసలు కెమికల్ పీల్ అంటే ఏంటి?

పేరు వినడానికి భయంగా ఉన్నా విషయం సింపుల్. ఒక యాసిడ్‌ను కొలిచిన గాఢతలో, కొలిచిన సమయం పాటు ముఖానికి పూస్తారు. అది చర్మం పైపొరల్లోని కణాలను పట్టి ఉంచే బంధాన్ని వదులు చేస్తుంది. లేదంటే ఆ పొరను కావాలనే దెబ్బతీస్తుంది. పాత పొర రాలిపోయి కింది నుంచి కొత్త పొర వస్తుంది. అంటే ఇది ఒక రకంగా అదుపులో పెట్టి చేసే గాయం. అదుపు తప్పితే నిజమైన గాయమే.

ఎంత లోతుకు వెళ్తుందన్న దాన్ని బట్టి పీల్స్ మూడు రకాలు. పైపొర వరకే ఆగేవి పైపై పీల్స్. దాని కింది చర్మం మొదటి భాగం దాకా వెళ్లేవి మధ్యరకం. ఇంకా లోతుకు దిగేవి డీప్ పీల్స్. ఫినాల్‌తో చేసే డీప్ పీల్‌లో మందు రక్తంలో కలిసి గుండె లయ మీద ప్రభావం చూపే ప్రమాదం ఉంటుంది. అందుకే గుండెను మానిటర్‌లో గమనిస్తూ చేయాలి. మన లాంటి చామనఛాయ, నలుపు చర్మాలకు డీప్ పీల్స్‌ను సాధారణంగా దూరం పెడతారు.

ఈ యాసిడ్లలో చాలావరకు మనకు కొత్తవేం కావు. గ్లైకాలిక్ యాసిడ్ చెరకులో సహజంగా ఉంటుంది. లాక్టిక్ యాసిడ్ పెరుగుకు పులుపునిచ్చేది. మాండెలిక్ యాసిడ్‌ను మొదట చేదు బాదం నుంచి తీశారు. సాలిసిలిక్ యాసిడ్ పేరు విల్లో అనే చెట్టు లాటిన్ పేరు నుంచి వచ్చింది. అది ఆస్పిరిన్‌కు దగ్గరి చుట్టం. ఆస్పిరిన్ తయారీకి పేరున్న ఆంధ్రా షుగర్స్ మన తణుకులోనే ఉంది. ఆస్పిరిన్‌ను తయారు చేసేది ఈ సాలిసిలిక్ యాసిడ్ నుంచే. అలాగని పెరుగు, చెరకు రసం పూసుకుంటే పీల్ అవుతుందనుకోవద్దు. క్లినిక్‌లో వాడే గ్లైకాలిక్ యాసిడ్ గాఢత 20 నుంచి 70 శాతం వరకు, సాలిసిలిక్ 20 నుంచి 30 శాతం వరకు ఉంటుంది. దానికీ, ఇంట్లో వేసుకునే ఫేస్‌ప్యాక్‌కూ పోలికే లేదు.

ఈ చికిత్స నిన్నమొన్న పుట్టింది కూడా కాదు. 1882లోనే జర్మనీ చర్మ వైద్యుడు పాల్ గెర్సన్ ఉన్నా సాలిసిలిక్ యాసిడ్, రెసార్సినాల్, ఫినాల్, ట్రైక్లోరో అసిటిక్ యాసిడ్ చర్మం మీద ఎలా పనిచేస్తాయో వివరించారు. 1974లో అమెరికాకు చెందిన వాన్ స్కాట్, రూయి యూ అనే ఇద్దరు పండ్లు, చెరకు, పాలలో ఉండే యాసిడ్లతో చేప పొలుసుల్లాంటి చర్మ వ్యాధికి చికిత్స చేసి చూపించారు. గ్లైకాలిక్ పీల్స్‌కు దారి పడింది అక్కడి నుంచే. మన దేశంలో చర్మ వైద్యుల సంఘం ఐఏడీవీఎల్ కూడా 2008లో పీల్స్‌పై ప్రామాణిక మార్గదర్శకాలు ఇచ్చింది.

ఏ గుర్తుకు ఏ చికిత్స?

ఇక అసలు విషయానికి వద్దాం. మూడు రకాల అనుభవాల వెనుక రహస్యం ఇక్కడే ఉంది.

రంగు మచ్చలకు: గ్లైకాలిక్, సాలిసిలిక్, మాండెలిక్, లాక్టిక్ లాంటి పైపై పీల్స్ బాగా పనికొస్తాయి. మెలనిన్ ఎక్కువగా చేరిన పొర త్వరగా రాలిపోతుంది కాబట్టి మచ్చ పలచబడుతుంది. సాలిసిలిక్ యాసిడ్ నూనెలో కరిగే గుణం వల్ల జిడ్డు రంధ్రాల్లోకి దిగుతుంది. అందుకే జిడ్డు చర్మం ఉండి, ఇంకా చిన్న చిన్న మొటిమలు వస్తున్నవాళ్లకు దాన్ని ఎక్కువగా ఎంచుకుంటారు. సున్నితమైన, త్వరగా నల్లబడే చర్మానికి మాండెలిక్, లాక్టిక్ నెమ్మదైనవి. ముఖం క్లియర్ అయిందని ఆనందంగా చెప్పేవాళ్లలో ఎక్కువమందికి ఉన్నవి ఈ రంగు మచ్చలే.

పైపై గుంటలకు: పైపై పీల్స్‌తో తేడా స్వల్పం. చర్మం కాస్త నున్నగా, వెలుగ్గా మారడంతో గుంట తగ్గినట్టు అనిపిస్తుంది. మధ్యరకం పీల్స్‌తో ఇంకొంచెం మెరుగుదల రావొచ్చు. కానీ మన చర్మానికి నల్లబడే రిస్క్ కూడా దాంతోపాటే పెరుగుతుంది.

ఐస్‌పిక్ గుంటలకు: ముఖమంతా పూసే పీల్ దాదాపు వృథా. దీనికి క్రాస్ అనే పద్ధతి ఉంది. 2002లో కొరియా వైద్యులు దీన్ని ప్రచురించారు. 65 నుంచి 100 శాతం ట్రైక్లోరో అసిటిక్ యాసిడ్‌ను మొన తేలిన పుల్లతో ఒక్కో గుంట అడుగున మాత్రమే చుక్కలా అద్దుతారు. క్షణాల్లో అక్కడ తెల్లగా మంచు పట్టినట్టు అవుతుంది. తర్వాత చిన్న పక్కు కట్టి రాలిపోతుంది. గుంట అడుగున కొత్త కొలాజెన్ పుట్టి, అది కొద్దికొద్దిగా పైకి లేస్తుంది. నెలల వ్యవధిలో కొన్నిసార్లు చేయాల్సి వస్తుంది. ఇదే యాసిడ్ పక్కనున్న మంచి చర్మానికి అంటుకుంటే అక్కడ కొత్త గుంట పడుతుంది. కాబట్టి ఇది చేయి తిరిగిన డాక్టర్ చేయాల్సిన పని. యూట్యూబ్ చూసి ఇంట్లో చేసుకునేది కాదు.

రోలింగ్ గుంటలకు: అడుగున లాగి పట్టుకున్న పోగులను సూదితో తెంచే సబ్‌సిషన్ అవసరం కావొచ్చు. పై నుంచి ఎంత యాసిడ్ పూసినా కింద పోగు తెగదు కదా!

బాక్స్‌కార్ గుంటలకు: లోతును బట్టి మైక్రోనీడ్లింగ్, ఫ్రాక్షనల్ లేజర్, కొన్నిసార్లు చిన్న సర్జరీ. చాలామందిలో ఇవన్నీ కలిపి విడతలుగా చేస్తేనే ఫలితం కనిపిస్తుంది.

అంటే అన్ని సిట్టింగులు అయినా తేడా లేదని చెప్పేవాళ్ల విషయంలో పీల్ ఫెయిల్ కాలేదేమో.. గుంటకు చేయాల్సిన చికిత్స బదులు మచ్చకు చేసేది చేశారేమో. మొదటి రోజే ఈ తేడా చెప్పి ఉంటే ఆ డబ్బూ మిగిలేది, ఆ నిరాశా ఉండేది కాదు.

పీల్ చేయించుకుంటే రోజురోజుకూ ఏం జరుగుతుంది?

మొదటిసారి వెళ్లేవాళ్లకు ఉండే భయం ఇదే. పైపై పీల్ విషయంలో సాధారణంగా ఇలా ఉంటుంది.

రెండు నుంచి నాలుగు వారాల ముందు: చర్మాన్ని సిద్ధం చేయడం మొదలవుతుంది. రోజూ సన్‌స్క్రీన్, రాత్రిపూట డాక్టర్ రాసిన క్రీమ్. పీల్ సమానంగా ఇంకడానికి, తర్వాత నల్లబడకుండా ఉండటానికి ఈ దశ చాలా ముఖ్యం. వెళ్లిన రోజే, ఏ సన్నాహం లేకుండా గాఢమైన పీల్ వేసేస్తామంటే కాస్త ఆలోచించండి. రెటినాయిడ్ క్రీమ్ వాడుతుంటే పీల్‌కు కొద్ది రోజుల ముందు ఆపమంటారు.

పీల్ రోజు: ముఖం శుభ్రం చేసి, నూనె పూర్తిగా తుడిచి, కళ్లు, పెదాల మూలలకు వాసెలిన్ రాస్తారు. యాసిడ్ పూసిన తర్వాత కొన్ని నిమిషాల పాటు చురచుర, మంట, దురద. ఫ్యాన్ గాలి తగిలేలా పెడతారు. గ్లైకాలిక్ యాసిడ్‌ను సరైన సమయానికి నీళ్లతోనో, వంటసోడా జాతి ద్రావణంతోనో ఆపాలి. ఆలస్యమైతే లోతుగా కాలుతుంది. సాలిసిలిక్ అయితే ముఖం మీద తెల్లని పొడిలా తేలి దానంతట అదే ఆగుతుంది. గడియారం చూస్తూ పక్కనే నిలబడే మనిషి ఎందుకు అవసరమో దీన్నిబట్టే అర్థం చేసుకోవచ్చు.

1, 2 రోజులు: ముఖం ఎర్రగా, బిగుసుకుపోయినట్టు ఉంటుంది. నవ్వితే చర్మం లాగినట్టు అనిపిస్తుంది.

3 నుంచి 5 రోజులు: పొట్టు లేవడం మొదలవుతుంది. ముందు నోటి చుట్టూ, తర్వాత బుగ్గలు. పాము కుబుసం విడిచినట్టు ఉందని అద్దంలో చూసి కంగారు పడేది ఈ రోజుల్లోనే. ఏమ్మా, మొహం ఇలా అయిపోయిందేంటి అని చుట్టాలు అడిగేదీ అప్పుడే. వేళ్లు ఊరుకోవు. పొట్టు లాగాలనిపిస్తుంది. ఒక్కసారి లాగినా కింద పచ్చిగా ఉన్న చర్మం బయటపడి అక్కడ నల్ల మచ్చ పడే అవకాశం ఉంది. మొటిమ మచ్చ పోగొట్టుకోవడానికి వెళ్లి పీల్ మచ్చ తెచ్చుకోవడం అంటే ఇదే.

వారం తర్వాత: చర్మం నున్నగా, కాస్త వెలుగ్గా కనిపిస్తుంది. ఈ మెరుపు చూసి సమస్య పోయిందనుకోవద్దు. కొద్ది రోజుల్లో అది తగ్గుతుంది. సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాల విరామంతో 4 నుంచి 6 సిట్టింగులు పడతాయి. తేడా తెలియాలంటే ఒకే చోట, ఒకే వెలుతురులో, మేకప్ లేకుండా ఫొటోలు తీసి పెట్టుకోండి. అద్దం కన్నా అవే నిజం చెబుతాయి.

గోదావరి ఎండ.. మన చర్మం

నల్లబడిందని బాధపడే మూడోవాళ్ల సంగతి ఇప్పుడు చూద్దాం. అమెరికా చర్మ వైద్యుడు థామస్ ఫిట్జ్‌ప్యాట్రిక్ 1975లో ఎండకు స్పందించే తీరును బట్టి చర్మాన్ని వర్గీకరించే పద్ధతి తెచ్చారు. ఇప్పుడు వాడుతున్న 6 రకాల్లో తెలుగువాళ్లలో ఎక్కువమంది 4, 5 రకాల కిందకు వస్తారు. ఈ చర్మానికి ఒక మేలు ఉంది.. ఎండను బాగా తట్టుకుంటుంది. ఒక ఇబ్బందీ ఉంది.. ఏ చిన్న గాయమైనా, వాపు వచ్చినా వెంటనే నల్లబడుతుంది. మొటిమకు నల్లబడినట్టే పీల్‌కూ నల్లబడుతుంది. విదేశీ వీడియోల్లో తెల్లతోలు వాళ్లు చేయించుకున్న గాఢమైన పీల్ చూసి అదే కావాలని అడగకూడదంటున్నది ఇందుకే.

దానికి తోడు మన ఎండ. రోహిణి కార్తెలో రాజమహేంద్రవరంలో మధ్యాహ్నం బయట నిలబడలేం. కోనసీమలో ఎండకు ఉక్కపోత తోడవుతుంది. పొద్దున రాసిన సన్‌స్క్రీన్ పది గంటలకల్లా చెమటతో కారిపోతుంది. ఇక భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగేవాళ్లు, కడియం నర్సరీల్లో పనిచేసేవాళ్లు, బైక్ మీద రోజూ ఊళ్లు తిరిగే సేల్స్ ఉద్యోగుల సంగతి చెప్పక్కర్లేదు. వీళ్లకు ఎండాకాలంలో పీల్ చేయడమంటే రిస్క్‌ను కొని తెచ్చుకోవడమే. కార్తీకం నుంచి మాఘం దాకా, అంటే చలికాలం నెలలు వీళ్లకు కాస్త నయం. అది కుదరకపోతే నెమ్మదైన పీల్స్‌తో సరిపెట్టుకోవడం మేలు. బయట పని మానుకునే వీలు లేదన్న మాట డాక్టర్‌కు ముందే చెప్పాలి.

సన్‌స్క్రీన్ ఎస్‌పీఎఫ్ 30 లేదా అంతకన్నా ఎక్కువ ఉండాలి. చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా రెండు గీతలు పెడితే వచ్చేంత క్రీమ్ ముఖానికి, మెడకు కావాలి. బఠాణీ గింజంత రాస్తే లాభం లేదు. బయట ఉంటే రెండు, మూడు గంటలకోసారి చెమట తుడిచి మళ్లీ రాయాలి. గొడుగు, స్కార్ఫ్, హెల్మెట్ అదనం. ఇవన్నీ పాటించడం కుదరదనుకుంటే పీల్ వాయిదా వేసుకోవడమే మంచిది.

పెళ్లి ఉందా? క్యాలెండర్ చూసుకోండి

మన దగ్గర పీల్ కోసం తొందర పడే సందర్భం పెళ్లే. ఒక చిన్న లెక్క వేద్దాం. చర్మాన్ని సిద్ధం చేయడానికి 4 వారాలు. మూడు వారాల విరామంతో 5 సిట్టింగులంటే మరో 12 వారాలు. చివరి పీల్‌కూ, పెళ్లికీ మధ్య కనీసం 4 వారాలు. మొత్తం 20 వారాలు. అంటే దాదాపు 5 నెలలు. మాఘమాసంలో ముహూర్తమైతే భాద్రపదం నాటికే మొదలుపెట్టాలి. శ్రావణంలో పెళ్లయితే సిట్టింగులన్నీ మండు వేసవిలో పడతాయి. కాబట్టి ముందు చలికాలంలోనే పూర్తి చేసుకోవడం నయం.

చివర్లో ఆ 4 వారాల విరామం ఎందుకంటే.. పెళ్లికూతురిని చేసే రోజు నలుగు పెడతారు. పసుపు, సున్నిపిండి పెట్టి రుద్దుతారు. కొత్తగా పొట్టు లేచిన చర్మం మీద ఆ రాపిడి పడితే ఎర్రబడి, తర్వాత నల్లబడొచ్చు. పెళ్లికొడుక్కీ ఇదే వర్తిస్తుంది. పెద్దవాళ్లు బాధపడతారని మొహమాటపడకుండా ముందే చెప్పడం మంచిది. పీల్ అయిన వారం, పది రోజుల దాకా బ్లీచ్, ఫేషియల్, థ్రెడింగ్, వ్యాక్సింగ్, స్క్రబ్, నిమ్మరసం.. ఇవేవీ వద్దు.

వీళ్లు జాగ్రత్త

* ఇంకా పెద్ద పెద్ద మొటిమలు, చీము పొక్కులు వస్తున్నవాళ్లు ముందు వాటిని అదుపు చేసుకోవాలి. కొత్త మొటిమ వస్తున్నంతకాలం కొత్త గుంట పడుతూనే ఉంటుంది. అమ్మాయిల్లో నెలసరి సరిగా రాకపోవడం, గడ్డం కింద అవాంఛిత రోమాలు కూడా ఉంటే పీసీఓఎస్ ఉందేమో చూపించుకోవాలి.

* ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడుతున్నవాళ్లు, ఈ మధ్యే ఆపినవాళ్లు తప్పక చెప్పాలి. ఇదివరకు మాత్ర ఆపాక 6 నెలలు ఆగమనేవారు. పైపై పీల్స్‌కు అంత ఆగాల్సిన అవసరం ఉందనడానికి తగిన ఆధారం లేదని 2017లో అమెరికా డెర్మటాలజిక్ సర్జరీ సొసైటీ నిపుణులు చెప్పారు. లోతైన పీల్స్ విషయంలో మాత్రం జాగ్రత్త తప్పదు. నిర్ణయం డాక్టర్‌దే.

* ఆస్పిరిన్ పడనివాళ్లు సాలిసిలిక్ పీల్ చేయించుకోకూడదు.

* గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఆ విషయం ముందే చెప్పాలి. అందం కోసం చేసే చికిత్సే కాబట్టి వాయిదా వేసుకోవచ్చు.

* జ్వరం వచ్చినప్పుడు పెదాల చుట్టూ నీటి పొక్కులు లేచేవాళ్లకు పీల్ తర్వాత అవి మళ్లీ విజృంభించొచ్చు. ముందే చెబితే నివారణకు మాత్రలు ఇస్తారు.

* గాయం మానిన చోట ఉబ్బెత్తు మచ్చలు వచ్చే తత్వం ఉన్నవాళ్లు లోతైన పీల్స్ జోలికి వెళ్లకపోవడమే మేలు.

మెడికల్ షాపు క్రీమ్‌తో ఇంకో తలనొప్పి

మన దగ్గర ఎక్కువగా కనిపించే ఇంకో సమస్య స్టెరాయిడ్ క్రీములు. తెల్లబడతారని స్నేహితులు చెప్పారనో, షాపులో అడిగితే ఇచ్చారనో నెలల తరబడి రాసేస్తుంటారు. మొదట్లో ముఖం మెరుస్తుంది. తర్వాత చర్మం పలచబడుతుంది. ఎరుపు, మంట, కొత్త మొటిమలు మొదలవుతాయి. ఆపితే ఇంకా ఎక్కువవుతాయి. ఇలాంటి చర్మం మీద పీల్ వేస్తే కాలిపోయినట్టు అవుతుంది. ప్రిస్క్రిప్షన్ లేకుండా అమ్మకూడదని కేంద్రం 2018లో ఇలాంటి 14 రకాల స్టెరాయిడ్ మందులను షెడ్యూల్ హెచ్ కిందకు తెచ్చింది. మీరు వాడుతున్న ట్యూబు ఏదైనా సరే, దాన్ని పట్టుకెళ్లి డాక్టర్‌కు చూపించండి. దాచొద్దు.

ఆన్‌లైన్ సీసా, పార్లర్ పీల్

గాఢమైన పీల్ సీసాలు ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెడితే ఇంటికే వచ్చేస్తున్నాయి. 2024 జూలైలో అమెరికా ఎఫ్‌డీఏ ఇలాంటి గాఢమైన పీల్స్‌ను డాక్టర్ పర్యవేక్షణ లేకుండా కొని వాడొద్దని హెచ్చరించింది. తీవ్రమైన కాలిన గాయాలు, నొప్పి, వాపు, శాశ్వత మచ్చలు పడే ప్రమాదం ఉందని చెప్పింది. సీసా మీద రాసిన శాతం ఒక్కటే చూస్తే సరిపోదు. పీహెచ్, ఎన్ని పూతలు వేశారు, ఎంతసేపు ఉంచారు, చర్మం ఎంత సిద్ధంగా ఉంది.. ఇవన్నీ కలిసి అది ఎంత లోతుకు దిగుతుందో నిర్ణయిస్తాయి.

బ్యూటీ పార్లర్‌లో చేసే పీల్ పరిస్థితి కూడా ఇంతే. అంతా సవ్యంగా జరిగినంతసేపు ఎవరు చేసినా ఒకటే అనిపిస్తుంది. తేడా కొట్టినప్పుడు మందు రాయగలిగినవాళ్లు పక్కన ఉన్నారా లేదా అన్నదే ముఖ్యం. ఎండీ డెర్మటాలజీ, డీవీఎల్, డీడీవీఎల్ లాంటి అర్హత ఉందా, మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉందా అని అడగడం తప్పేం కాదు. అది మీ హక్కు.

ప్రైవేట్ క్లినిక్‌లో ప్యాకేజీకి డబ్బు కట్టే ముందు ఇంకో డాక్టర్‌తో చూపించుకోవాలనుకుంటే మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో చర్మవ్యాధుల ఓపీలు ఉన్నాయి. కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి అనుబంధంగా ఉన్న ప్రభుత్వ ఆసుపత్రి అలాంటిదే. రాజానగరం జీఎస్ఎల్, అమలాపురం కిమ్స్, ఏలూరు ఆశ్రమ్ లాంటి కాలేజీ ఆసుపత్రులు కూడా ఉన్నాయి. పీల్ అక్కడే చేయించుకోవాలని కాదు. మీది మచ్చో, గుంటో తేల్చుకోవడానికి ఒక ఓపీ చీటీ చాలు.

డబ్బు కట్టే ముందు ఈ ప్రశ్నలు అడగండి

1. నాకున్నవి రంగు మచ్చలా, గుంటలా? గుంటలైతే ఏ రకం?
2. ఏ యాసిడ్, ఎంత శాతం వాడతారు? ఎందుకు అదే?
3. ఈ పీల్‌తో నా గుంటల్లో ఎంత మార్పు ఆశించొచ్చు?
4. పీల్ ఎవరు చేస్తారు? ఆ సమయంలో డాక్టర్ ఉంటారా?
5. మొత్తం కోర్సుకు ఎంత అవుతుంది? సన్‌స్క్రీన్, క్రీముల ఖర్చుతో కలిపి చెప్పండి.
6. నల్లబడితే ఏం చేస్తారు?

ఒక్క సిట్టింగ్ ధర చూసి చవక అనుకోవద్దు. అందం కోసం చేసే చికిత్సలకు సాధారణంగా ఆరోగ్య బీమా వర్తించదు. అంతా మన జేబులోంచే. గుంటలు పూర్తిగా మాయం చేస్తామని గ్యారంటీ ఇస్తే మాత్రం అక్కడి నుంచి లేచి వచ్చేయడమే మంచిది. ఏ చికిత్సతోనైనా గుంటలు తగ్గుతాయి, తక్కువగా కనిపిస్తాయి. అసలు మొటిమే రానట్టు మారిపోదు.

ఎప్పుడు వెంటనే డాక్టర్ దగ్గరకు వెళ్లాలి?

కాస్త ఎరుపు, పొట్టు మామూలే. కానీ నీటి బొబ్బలు లేచినా, రసి కారినా, చీము పట్టినా, రోజులు గడిచేకొద్దీ నొప్పి పెరుగుతున్నా, కంటి దగ్గర వాచినా ఆలస్యం చేయొద్దు. వారం, పది రోజులయ్యాక ముఖం నల్లబడటం మొదలైతే భయపడి నిమ్మకాయ రుద్దడం, ఇంకో పీల్ వేయించుకోవడం చేయకూడదు. ఎండకు దూరంగా ఉంటూ డాక్టర్ రాసిన క్రీమ్ వాడితే ఎక్కువమందిలో ఆ నలుపు నెలల్లో తగ్గుతుంది. తొందరపడితేనే అది ముదురుతుంది.

మొత్తానికి చెప్పేదేంటంటే.. కెమికల్ పీల్ మోసమూ కాదు, మంత్రమూ కాదు. మచ్చ మీద పనిచేస్తుంది, గుంట దగ్గర చేతులెత్తేస్తుంది. ఏ పీల్ మంచిది అని అడిగే ముందు నాది మచ్చా, గుంటా అని అడగండి. ఆ ఒక్క ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పిన చోటే డబ్బు కట్టండి.

గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. చికిత్స విషయంలో చర్మ వైద్య నిపుణుల సలహా తీసుకున్నాకే నిర్ణయం తీసుకోండి.